పీడకలకి దోషం వెతికే ముందు మందుల స్ట్రిప్పు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పీడకలల మీద అరపేజీ వేశారు, చూశాను. పాము తరిమితే శత్రుభయం, పళ్ళూడితే ఇంట్లో పెద్దవాళ్ళకి గండం, నీళ్ళలో మునిగితే అప్పులు, అన్నిటికీ కలిపి శనివారం నువ్వుల నూనె దీపం. సరే, దీపం పెడితే ఎవరికీ నష్టం లేదు, మా ఇంట్లోనూ పెడతాం. కానీ అంత పేజీలో "మీరేమైనా మందులు వాడుతున్నారా" అని ఒక్క ముక్క లేదు, నాకు అక్కడే కడుపు మండింది. నేను ఫార్మసీ చదివి తణుకు దగ్గర మెడికల్ షాపు నడుపుతున్నాను, ఈ కలల గొడవ మా కౌంటర్ దగ్గరికి వచ్చినంతగా పంతులు గారి దగ్గరికి కూడా వెళ్ళదేమో.

ఒకావిడ ఆరేళ్ళ పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది, వాడి మెడలో తాయెత్తు, చేతికి దర్గాలో కట్టించిన దారం. "అన్నయ్యా, వీడు ఎక్కడో జడుసుకున్నాడు, రాత్రి లేచి మంచం కింద కుక్క ఉందని ఒకటే ఏడుపు, పగలేమో చెల్లెల్ని కొడుతున్నాడు, దిష్టి తీసినా తగ్గలేదు, కాస్త నిద్ర పట్టే సిరప్ ఏదైనా ఇయ్యి" అంది. ఇప్పుడేం వాడుతున్నావమ్మా అంటే బ్యాగులోంచి సీసా తీసింది, మాంటెలుకాస్ట్ లీవోసెట్రిజిన్ సిరప్. జలుబుకి రాశారంట, జలుబు ఎప్పుడో తగ్గిపోయింది, సీసా అయిపోతే మళ్ళీ ఇంకోటి కొనుక్కుని పోస్తూనే ఉంది, మంచిదే కదా అని. నిద్ర సిరప్ ఇవ్వనని చెప్పి మళ్ళీ పిల్లల డాక్టర్ దగ్గరికే పంపించాను, ఆయన ఆపించారు, తర్వాత కొద్దిరోజులకి పిల్లాడు మామూలైపోయాడని ఆవిడే చెప్పింది. ఒక్క పిల్లాణ్ణి చూసి తప్పంతా మందుదే అని తేల్చలేం, తెలుసు. కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఎవరూ అడగలేదు, దారం కట్టినాయన అడగలేదు, ఆ సీసాలు అమ్మిన షాపు వాళ్ళూ అడగలేదు.

ఈ మాంటెలుకాస్ట్ ఉబ్బసానికి మంచి మందే, అందులో అనుమానం లేదు. అయితే 2020 మార్చిలో అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ దీనికి బాక్స్ వార్నింగ్ పెట్టించింది, అంటే మందు కాగితంలో అన్నిటికంటే పైన గడి గీసి రాసే హెచ్చరిక, వాళ్ళ దగ్గర అంతకు మించిన హెచ్చరిక లేదు. పీడకలలు, చిరాకు, కొట్టే గుణం, నిద్రలో నడవడం, దిగులు, కొందరికి చచ్చిపోవాలనే ఆలోచన దాకా అందులో ఉంది, ఉత్త అలర్జీ జలుబుకైతే వేరే మందులు పనిచెయ్యనప్పుడే ఇవ్వమని కూడా చెప్పారు. మన దగ్గర తుమ్మితే చాలు ఇదే, చీటీ లేకుండా కూడా అమ్మేస్తున్నారు, మా వ్యాపారంలో వాళ్ళకి ఈ మాట నచ్చకపోయినా నిజం నిజమే. ఉబ్బసం ఉన్నవాళ్ళు మాత్రం ఇది చదివి టక్కున మానెయ్యకండి, ముందు డాక్టర్‌కి చెప్పండి.

ఇదొక్కటే అనుకునేరు. మైగ్రేన్‌కి, చేతుల వణుక్కి, గుండెదడకి ఇచ్చే ప్రోప్రనోలాల్ మెదడులోకి సులువుగా వెళ్తుంది, దాంతో కూడా కొందరికి భయంకరమైన కలలొస్తాయి, డాక్టర్‌కి చెప్తే అంతగా మెదడులోకి వెళ్ళని అటెనోలాల్ లాంటిదానికి మార్చే వీలుంటుంది. ఇది కూడా సొంతంగా ఆపితే గుండెకి ప్రమాదం. డిప్రెషన్ మందులు, పార్కిన్సన్స్‌కి, అంటే ఒళ్ళు వణికి కదలికలు మందగించే జబ్బుకి వాడే లీవోడోపా, సిగరెట్ మానడానికి ఒంటికి అంటించుకుని రాత్రి తీయకుండా పడుకునే నికోటిన్ ప్యాచ్, ఇలా చాలానే ఉన్నాయి.

ఇక అసలు సంగతి తాగుడు. నిద్రలో సుమారు గంటన్నరకోసారి రెమ్ అనే దశ వస్తుంది, కళ్ళు రెప్పల కింద గబగబా తిరుగుతుంటాయి, షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు 1953లో దీని గురించి రాశారు. బాగా గుర్తుండే కలలు ఎక్కువగా అప్పుడే. తాగి పడుకుంటే రాత్రి మొదట్లో ఈ దశ అణిగిపోతుంది, మత్తు దిగాక ఎగదన్నుకొస్తుంది. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఇంక చెప్పక్కర్లేదు. మా వైపు కార్తీకమాసంలో అయ్యప్ప మాల వేసుకుంటారు కదా, 41 రోజుల దీక్ష, ముందురోజు దాకా క్వార్టర్ మీద క్వార్టర్ కొట్టినవాడు మాల పడగానే చుక్క ముట్టడు, మెచ్చుకోవాల్సిందే, కానీ కటిక నేల మీద పడుకుని రెండో రాత్రికో మూడో రాత్రికో కేకలేస్తూ లేస్తాడు. ఇంట్లోవాళ్ళు దీక్షలో ఏదో అపచారం జరిగిందని, మైల తగిలిందని పాపం ఆడవాళ్ళ మీద పడతారు! అపచారమూ లేదు పాడూ లేదు, తాగుడు మానేస్తే మెదడు చేసే గోల అది. దాంతోపాటు చేతులు వణికి, చెమటలు పట్టి, మెలకువలోనే పురుగులు పాకుతున్నాయి మనుషులు కనిపిస్తున్నారు అంటుంటే మాత్రం గురుస్వామి దగ్గరికి కాదు, అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ప్రాణం మీదికొచ్చే పరిస్థితి అది. మాల వెయ్యకముందే డాక్టర్‌ని కలిసి మెల్లగా మానేవాళ్ళని కూడా చూశాను, వాళ్ళ దీక్ష హాయిగా సాగింది.

తెల్లవారుజాము కల నిజమవుతుందని పెద్దవాళ్ళు అంటారు. రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉండే ఆ రెమ్ దశ తెల్లారేసరికి బాగా పొడుగవుతుంది, పైగా వెంటనే లేస్తాం కాబట్టి ఆ కలే గుర్తుంటుంది, అందుకే దానికి అంత పేరొచ్చిందేమో అని నా అనుమానం. పిల్లలు పడుకున్న రెండు మూడు గంటల్లోపే కెవ్వుమని లేచి, కళ్ళు తెరిచే ఉండి తల్లిని కూడా గుర్తుపట్టకుండా ఏడ్చి, పొద్దున్నే ఏమీ తెలీదంటే అది పీడకల కాదు, గాఢనిద్రలో వచ్చే వేరే సంగతి, చాలామందికి వయసుతో పోతుంది, లేపి కుదిపి ప్రశ్నలెయ్యకుండా పక్కన ఉంటే చాలు.

పెద్దవాళ్ళలో ఇంకోటుంది, దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. కలలో మామూలుగా ఒళ్ళు కదలదు, దెయ్యం గుండెల మీద కూర్చుందనేవాళ్ళకి జరిగేది ఇదే, మెలకువ ముందొచ్చి ఒళ్ళు ఇంకా బిగుసుకునే ఉంటుంది. కొందరు పెద్దాయనలకి ఆ బిగింపు పోతుంది, కలలో చేలో పడ్డ గేదెల్ని తోలుతూ నిజంగానే పక్కనున్న భార్యని తంతారు, ఆవిడ మొహం కమిలిపోయి మా షాపుకి ఆయింట్‌మెంట్ కోసం వచ్చి "నిద్రలో బాబూ, ఆయన తప్పు లేదు" అంటుంది. ఆవిడ నిజమే చెప్తుంది. యాభై దాటినవాళ్ళలో ఇది కనిపిస్తే న్యూరాలజీ డాక్టర్‌కి చూపించాలి, కొన్నాళ్ళకి పార్కిన్సన్స్ వచ్చేవాళ్ళు వీళ్ళలో చాలామందే ఉంటారు.

అన్నిటికీ మందులే కారణం అనట్లేదు. మా అత్తగారిది దివిసీమ, 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన మనిషి, ఇప్పటికీ తుపాను కబురు టీవీలో వస్తే ఆ రాత్రి "నీళ్ళు, నీళ్ళు" అని లేస్తారు. మీ పేజీ ప్రకారం అది అప్పుల కల, ఆవిడకి చిల్లిగవ్వ అప్పు లేదు! ఇలాంటివాటికి కూడా వైద్యం ఉంది, పగలు మెలకువలో అదే కలని ముగింపు మార్చుకుని రోజూ కాసేపు మనసులో తిప్పుకోవడం నేర్పిస్తారు. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

మీ కలల శీర్షిక తీసెయ్యమని అడగట్లేదు, జనం చదువుతారు, మీకూ వ్యాపారమే. దాని కింద ఒక చిన్న గడి ఇవ్వండి చాలు: కొత్తగా మందు మొదలెట్టాక గానీ డోసు మార్చాక గానీ పీడకలలు వస్తుంటే డాక్టర్‌కి చెప్పండి, మందుల సైడ్ ఎఫెక్ట్‌లు ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కి ఎవరైనా చెప్పొచ్చు, టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. ఈ నంబర్ మా కస్టమర్లలో ఒక్కరికీ తెలీదు, మీరు వేస్తే కత్తిరించి కౌంటర్ అద్దానికి అంటిస్తాను.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు ఫార్మసిస్టు,
పశ్చిమ గోదావరి జిల్లా