వర్బ్ ముందు వచ్చే చిన్న మాటల గురించి, నా బిడ్డకు

బిడ్డా,

నువ్వు పంపిన రెండు మెయిళ్ల కాపీలు చదివాను. మీ టీమ్ లీడర్ "ఇంగ్లిష్ కొంచెం చూసుకో" అన్నాడని అంత టెన్షన్ పడాల్సిన పని లేదు. నీకు మాటలకు కొదవ లేదు, స్పెల్లింగులూ బాగానే ఉన్నాయి. తేడా కొడుతున్నది వర్బ్ దగ్గరే. అది నీ ఒక్కదాని ఇబ్బంది కూడా కాదు, తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్ రాసే పిల్లలందరికీ అక్కడే కాలు జారుతుంది. ఇన్నేళ్లుగా ఈ జిల్లా బడుల్లో ఇంగ్లిష్ చెబుతూ నేను చూస్తున్నది అదే.

మనం ఏం చెప్పాలన్నా క్రియ చివర తగిలిస్తాం కదా. చెప్పాల్సింది, చెప్పి ఉండొచ్చు, చెప్పలేకపోయాను, చెప్పేవాడు, చెప్పాల్సి వచ్చింది. కాలం, అనుమానం, బాధ్యత, అన్నీ వెనక వైపే. ఇంగ్లిష్‌లో ఆ పనంతా వర్బ్‌కు ముందు నిలబడే చిన్న మాటలు చేస్తాయి: షుడ్ హావ్ టోల్డ్, మైట్ హావ్ టోల్డ్, కుడ్ నాట్ టెల్, యూజ్డ్ టు టెల్, హాడ్ టు టెల్. ఈ భావాలన్నీ నీకు చిన్నప్పటి నుంచీ వచ్చినవే, కొత్తగా పట్టుకోవాల్సింది ఆ మాటల వరుస ఒక్కటే, పన్నెండు టెన్స్‌ల పట్టిక ముందేసుకుని బట్టీ పట్టాల్సిన అవసరం అస్సలు లేదు.

ఆ వరుస మారదు. ముందు విల్, కెన్, మస్ట్, షుడ్ లాంటివాటిలో ఒకటి, తర్వాత హావ్, ఆ తర్వాత బీ, చివర అసలు వర్బ్. అన్నీ ప్రతిసారీ రావు, వచ్చినవి మాత్రం ఈ వరుసలోనే వస్తాయి. ప్రతి మాటా తన వెనక వచ్చే మాట ఏ రూపంలో ఉండాలో కూడా చెబుతుంది. "హీ మస్ట్ హావ్ బీన్ వెయిటింగ్ అట్ ది బస్‌స్టాండ్" అన్నామనుకో, బస్టాండ్‌లో ఎదురుచూస్తూ ఉండి ఉంటాడు అని. మస్ట్ తర్వాత మామూలు రూపమే రావాలి కాబట్టి ముందు హీ ఉన్నా హాజ్ రాదు, హావే వస్తుంది. హావ్ తర్వాత మూడో రూపం, అందుకే బీన్. బీ తర్వాత ఐఎన్‌జీ, అందుకే వెయిటింగ్. పాసివ్ అయితే బీ తర్వాత కూడా మూడో రూపమే. "డిడ్ యు వెంట్" ఎందుకు తప్పో కూడా ఇక్కడే తెలిసిపోతుంది: జరిగిపోయిందన్న సంగతి డిడ్ మోసేసింది, ఇక వర్బ్ మళ్లీ మోయక్కర్లేదు, "డిడ్ యు గో" చాలు.

ఇప్పుడు నీ మెయిల్‌కు వస్తా. "ఐ యామ్ వర్కింగ్ ఆన్ దిస్ మాడ్యూల్ సిన్స్ త్రీ వీక్స్" అని రాశావు. తెలుగులో "మూడు వారాల నుంచి చేస్తున్నాను" అంటాం, చేస్తున్నాను అంటే యామ్ వర్కింగ్, నుంచి అంటే సిన్స్ అని పెట్టేశావు. కానీ ఎప్పుడో మొదలై ఇప్పటికీ నడుస్తున్న పనికి ఇంగ్లిష్ హావ్ బీన్ అడుగుతుంది: "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఆన్ దిస్ మాడ్యూల్ ఫర్ త్రీ వీక్స్". ఎంతకాలం అని చెబితే ఫర్, ఏ రోజు నుంచి అని చెబితే సిన్స్. మన పిల్లలమర్రిని తలుచుకో, "ది ట్రీ హాజ్ బీన్ స్టాండింగ్ దేర్ ఫర్ సెంచురీస్", ఇంకా నిలబడే ఉంది కాబట్టి. అదే నాగార్జునసాగర్ సంగతైతే "నెహ్రూ లెయిడ్ ది ఫౌండేషన్ స్టోన్ ఇన్ 1955". సంవత్సరం చెప్పేశాం, ఆ కాలం ముగిసింది, అక్కడ హాజ్ పెట్టకూడదు. నీ "ఐ హావ్ కంప్లీటెడ్ ది టెస్టింగ్ యెస్టర్‌డే" కూడా అందుకే కుదరదు. యెస్టర్‌డే ఉంచాలనుకుంటే హావ్ తీసెయ్, హావ్ ఉంచాలనుకుంటే యెస్టర్‌డే తీసెయ్.

ఈ హావ్ ఎంత పని చేస్తుందో నాకు బాగా గుర్తుండిపోయింది తొమ్మిదో తరగతిలో. మన పాలమూరు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయేవాళ్ల సంగతి నీకు తెలిసిందే. ఒక పిల్లవాడు లేచి "మై ఫాదర్ హాజ్ బీన్ టు ముంబై" అన్నాడు. మీ నాన్న ఇప్పుడు ఇంట్లో ఉన్నాడా అని అడిగితే, లేడు సార్, దసరాకు వస్తాడు అన్నాడు. అట్లయితే "హాజ్ గాన్ టు ముంబై" అనాలిరా, బీన్ అంటే పోయి తిరిగొచ్చినట్టు, గాన్ అంటే ఇంకా అక్కడే ఉన్నట్టు అని చెప్పాను. పక్క బెంచీలో అమ్మాయి వెంటనే "మై ఫాదర్ హాజ్ బీన్, సార్, హీ కేమ్ లాస్ట్ వీక్" అంది. ఎంత చక్కగా చెప్పిందో చూడు, మొదటి ముక్కలో హాజ్, పోయిన వారం అనగానే కేమ్! ఆ తర్వాత ఆ తరగతిలో ఎవరూ గాన్, బీన్ తారుమారు చేయలేదు. వాళ్ల ఇంటి సంగతిలో నుంచి వచ్చిన వాక్యం కాబట్టి నిలిచిపోయింది. నువ్వు కూడా పుస్తకంలో వాక్యాలు వదిలేసి, నీ హాస్టల్, నీ ఆఫీసు, నీ బస్సు గురించే రోజూ నాలుగు వాక్యాలు గట్టిగా అనుకో.

"ఐ యామ్ హావింగ్ ఎ డౌట్", "ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్" రెండూ మానెయ్. మన దగ్గర ఏదైనా ఉండటం, తెలియడం, అర్థం కావడం, కావాలనుకోవడం, ఇవి ఉన్న స్థితులు. మామూలుగా వాటికి ఐఎన్‌జీ పెట్టరు. లంచ్ తినడం చేసే పని కాబట్టి "ఐ యామ్ హావింగ్ లంచ్" మాత్రం నిక్షేపంలా అనొచ్చు.

వర్బ్ తర్వాత అతుక్కునే ఆఫ్, అప్, ఇంటూ లాంటివి కూడా అడిగావు. పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. విడివిడిగా అర్థం వెతికితే దొరకదు, కలిపి ఒకే మాటగా పట్టుకోవాలి. "పుట్ ఆఫ్ ది మీటింగ్" అనొచ్చు, మీటింగ్ బదులు ఇట్ వస్తే మాత్రం మధ్యలోకి పోతుంది, "పుట్ ఇట్ ఆఫ్". అయితే లుక్ ఇంటూ విడిపోదు, "లుక్ ఇంటూ ఇట్" అనే అనాలి. ఇది వింటూ వింటూ అలవాటు కావాల్సిందే, దగ్గరి దారి లేదు.

ఇక నన్ను బాగా ఆలోచనలో పడేసింది నీ రెండో మెయిల్. ఆ క్లయింట్‌కు "యు హాడ్ బెటర్ సెండ్ ద ఫైల్ టుడే" అని రాశావు. ఈరోజే పంపితే మంచిది అని మర్యాదగా చెప్పాననుకున్నావు, కానీ హాడ్ బెటర్‌లో పంపకపోతే బాగుండదు సుమా అన్న బెదిరింపు ఉంది. పిల్లలకో, దగ్గరి స్నేహితులకో అయితే సరే, పెద్దవాళ్లకూ బయటివాళ్లకూ వద్దు. యు షుడ్ కూడా సలహా ఇచ్చినట్టే ఉంటుంది. ఈ రాత్రే ఇంకో మెయిల్ పెట్టు, సంజాయిషీలు ఏమీ వద్దు, "కుడ్ యు ప్లీజ్ సెండ్ అజ్ ద ఫైల్ వెన్ యు గెట్ ఎ ఛాన్స్" అని ఒక్క వాక్యం చాలు. పంపాక నాకు కూడా కాపీ పెట్టు, చూస్తాను.

మీ నాన్న