సుఖీభవ, పీఎం కిసాన్ డబ్బు పడనివారికి మా నెట్ సెంటర్ నుంచి

లంకల నుంచి రేవు దాటి మా సెంటరుకు వచ్చే కోనసీమ రైతులకు ముందే చెప్పేస్తున్నాం. డబ్బు పడలేదని ఈ-కేవైసీ (ఆధార్‌తో మీరే అని రుజువు చేసుకోవడం) మళ్లీ చేయించుకోకండి. పూర్తయినట్టు చూపిస్తుంటే రెండోసారి వేలిముద్ర వేసినందుకు మాకు 15 రూపాయలు వస్తాయి గానీ మీకు ఒరిగేదేమీ లేదు.

ముందు ఆగింది ఏదో చూసుకోండి. 2025 ఆగస్టు 2న, మళ్లీ నవంబరు 19న కేంద్రం పీఎం కిసాన్ కింద 2,000, రాష్ట్రం అన్నదాత సుఖీభవ కింద 5,000 వేశాయి. 5,000 మాత్రమే పడితే పీఎం కిసాన్ ఆగినట్టు. 2,000 మాత్రమే పడితే సుఖీభవ ఆగినట్టు. అసలేమీ పడకపోతే ముందు బ్యాంకు సంగతి చూడాలి.

మా దగ్గరికొచ్చే వాటిలో ఎక్కువ ఈ బ్యాంకు చిక్కులేనండి. డబ్బు ఖాతా నంబరును బట్టి కాదు, ఆధార్‌ను బట్టి వెళుతుంది. ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర మీ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు ఎక్కిందో అందులోకే. బంగారం లోను కోసమో, గ్యాస్ రాయితీ కోసమో కొత్త ఖాతా తెరిచి ఉంటారు. పాత పాసుబుక్కు ప్రింటు వేయించి పడలేదంటారు. సొమ్ము కొత్తదాంట్లో ఉంటుంది. మై ఆధార్ సైటులో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే బ్యాంకు పేరు, యాక్టివా కాదా కనిపిస్తాయి. ఓటీపీ వచ్చే ఫోను ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు, పైసా అక్కర్లేదు. ఇనాక్టివ్ అని వస్తే బ్రాంచికి వెళ్లి డీబీటీ (సర్కారు డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసమని చెప్పి ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వండి. ‘లింకైపోయిందండీ’ అంటే నమ్మి వచ్చేయకండి. తమ రికార్డులో ఎక్కించి ఎన్‌పీసీఐకి పంపకపోతే కథ మళ్లీ మొదటికే.

ఈ-కేవైసీ ఇంకా కానివారికి ఒక మాట. కొబ్బరికాయ వలిచే చేతులకు వేలిముద్ర పడదు, గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషను మీద పదిసార్లు నొక్కించేకన్నా పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి ఈ-కేవైసీ చేయడం మేలు. వెలుతురు మొహం మీద పడాలి, వెనక నుంచి కాదు.

భూమి పేచీలు మా చేతిలో లేవు. 1బి (భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డు) ఇంకా నాన్నగారి పేరునే ఉంటే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయ్యేదాకా ఆగాల్సిందే. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న పొలానికి పీఎం కిసాన్ రాదు, వారసత్వంగా వచ్చినదానికి మాత్రం మినహాయింపు ఉంది. ‘ల్యాండ్ సీడింగ్ నో’ అని, అంటే మీ పొలం వివరాలు పథకానికి జతకాలేదని చూపిస్తే రైతు సేవా కేంద్రానికి వెళ్లండి.

కౌలుదారులకు పీఎం కిసాన్ లేదు. రాష్ట్రం ఇచ్చేది కావాలన్నా కౌలు కార్డు ఉండాలి, ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) పేరెక్కాలి. కార్డు గడువు 11 నెలలే. దానికి భూమి యజమాని ఒప్పుకోవాలి, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆ సంతకంతో భూమి హక్కు మారదని చట్టంలోనే ఉంది. కామందుగారికి ఆ ముక్క చెప్పి చూడండి.

సగం ఇస్తే డబ్బు వేయిస్తామనేవాళ్లను, వాట్సాప్‌లో వచ్చే ‘పీఎం కిసాన్’ ఏపీకే ఫైళ్లను (ఫోనులో యాప్ ఎక్కించే ఫైళ్లు) దగ్గరకు రానీయకండి. ఆ ఫైలు తెరిస్తే ఖాతా ఖాళీ. ఫిర్యాదు ఉంటే కేంద్రానిది 155261, రాష్ట్రానిది 155251.

విడత పడిన వారం సర్వర్ కదలదు, రద్దీ తగ్గాక రండి. వచ్చేటప్పుడు ఆధార్, ఓటీపీ వచ్చే ఫోను, 1బి నకలు తెచ్చుకోండి. పాసుబుక్కు ఒక్కటే కాదు, ఇంట్లో మీ పేరున ఉన్నవన్నీ పట్టుకురండి.