ఆరు రోజులు ఆగే ఓపిక మనకి ఉందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇండియా పాకిస్తాన్ మధ్య గొడవ మొదలైతే చాలు, మీ పేపర్లో ఎవరి దగ్గర ఎన్ని బాంబులు ఉండాయి, ఏ మిసైల్ ఎంత దూరం పోతుంది అని కలర్ బొమ్మ వేస్తారు. బాగానే ఉంటుంది, మా ఇంట్లో పిల్లోళ్ళు కట్ చేసి దాచుకుంటారు కూడా. కానీ ఆ బటన్ దగ్గర కూర్చున్న మనిషి ఎట్లా తేల్చుకుంటాడో, తేల్చుకోడానికి ఆయనకి ఎంత టైం దొరుకుతుందో రాయరు. అసలు సంగతంతా ఆ టైంలోనే ఉంది సార్.

1962లో అమెరికా పక్కనే ఉన్న క్యూబా దేశం దగ్గర అమెరికాకీ రష్యాకీ వచ్చిన గొడవ చూడండి. రష్యా వాళ్ళు అక్కడ మిసైళ్ళు దించుతా ఉన్నారని అక్టోబర్ 16 పొద్దున అమెరికా ప్రెసిడెంటు కెన్నెడీకి ఫోటోలు చూపించారు. ఆ రోజు రూములో ఉన్నోళ్ళు ఎక్కువమంది విమానాలు పంపి కొట్టేద్దాం అనే అన్నారు, కెన్నెడీ కూడా అటే మొగ్గినాడు, అదే రోజు తేల్చేయాల్సి వచ్చుంటే కొట్టేసేవాళ్ళే. కానీ జనానికి చెప్పింది 22వ తేదీ రాత్రి. ఈ మధ్యలో లోపల్లోపలే వాదులాడుకున్నారు, ఇయ్యాల ఒక మాట అన్నోడు రేపు ఇంకో మాట అన్నాడు, కడాకు రష్యా మిసైళ్ళు ఇంక క్యూబాకి రాకుండా సముద్రంలో ఓడలు అడ్డం పెడదాం అనే దగ్గరికి వచ్చినారు. గుట్టు బయటికి పొక్కకూడదని ఆయన ఎలక్షన్ ప్రచారం కూడా ఆపలేదు, షికాగో నుంచి మధ్యలో తిరిగి రావాల్సొస్తే ప్రెసిడెంటుకి పడిశం పట్టిందని చెప్పించారు! న్యూయార్క్ టైమ్స్ వాళ్ళకి వాసన తగిలితే కెన్నెడీనే ఫోన్ చేసి కొంచెం ఆగండి అని అడిగాడు, వాళ్ళు ఆగారు. మీరైతే ఆగుతారా సార్? ఎగతాళికి కాదు, నిజంగానే అడుగుతున్నా. ఎందుకంటే క్యూబాలో అప్పటికే చిన్న రకం అణుబాంబులు కూడా రెడీగా ఉన్నాయని అమెరికా వాళ్ళకి తెలిసింది ముప్పై ఏళ్ళకి, తొందరపడి కొట్టుంటే అవి వాడేవాళ్ళేమో.

ఇంక మన సంగతి. ఇండియా పాకిస్తాన్ కొట్టుకుంటా ఉన్న 2025 మే 8 రాత్రి లీలామహల్ సర్కిల్ దగ్గర టీ అంగట్లో నిలబడితే, టీవీలో కరాచీ పోర్టు పేల్చేశారని ఎర్ర అక్షరాలు తిరుగుతా ఉన్నాయి, టీ మాస్టర్ పాలు పొంగేది కూడా చూసుకోలేదు, పక్కన ఆటో అతను "ఇంకా ఏం ఆలోచిస్తా ఉండారన్నా, ఒకటి ఏసేయమను" అంటాడు. తెల్లారేసరికి ఆ పోర్టు వార్త ఉత్తదే అని తేలింది. మనకే గుండె అదిరే ఆ వార్త అవతల కరాచీలో ఉన్నోడు చూస్తే వాళ్ళ నాయకుడి మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఆ చానళ్ళోళ్ళకి పట్టలేదు.

క్యూబా గొడవలో నాకు బాగా నచ్చే రోజు అక్టోబర్ 27. ఆ రోజు పైనుంచి ఫోటోలు తీసే అమెరికా గూఢచారి విమానం యూ-2ని క్యూబాలో కూల్చేశారు, పైలట్ చచ్చిపోయాడు, అదీ మాస్కో పర్మిషన్ లేకుండా అక్కడున్న రష్యా ఆఫీసర్లే కొట్టించారు. విమానం కూలితే తిరిగి కొట్టాలని అంతకుముందే అనుకున్నారు, అయినా కెన్నెడీ ఆపాడు. ఆ రాత్రే తమ్ముణ్ణి రష్యా రాయబారి దగ్గరికి పంపి, మీ పక్కనే టర్కీలో ఉన్న మా మిసైళ్ళు కొన్ని నెలల్లో తీసేస్తాం, కానీ ఇది బయట చెప్పొద్దు అని మాట ఇచ్చాడు. మర్నాడే రష్యా నాయకుడు క్రుశ్చేవ్ క్యూబాలో మిసైళ్ళు తీసేస్తామని ఒప్పుకున్నాడు, అదీ ఉత్తరం చేరేసరికి లేటవుతుందని మాస్కో రేడియోలో చదివించాడు. అప్పట్లో వాషింగ్టన్ నుంచి ఆ రాయబారి టెలిగ్రాం పంపాలంటే కుర్రోడు సైకిల్ మీద వచ్చి తీసుకపోయేవాడంట, రెండు దేశాల నాయకుల మధ్య నేరు లైన్, అదే హాట్‌లైన్, పెట్టుకుంది తర్వాతి ఏడాదే. టర్కీ సంగతి దాచడంతో క్రుశ్చేవ్ ఓడిపోయినట్టు కనపడ్డాడు, రెండేళ్ళకి కుర్చీ కూడా పోయింది, అదొక్కటే కారణం కాదనుకోండి.

మనకి ఆరు రోజులు కాదు, ఆరు గంటలు కూడా డౌటే. శ్రీహరికోటలో రాకెట్ లేచి, శాటిలైట్ విడిపోయిందని చప్పట్లు కొట్టే లోపలే ఇక్కడి మిసైల్ అక్కడా, అక్కడిది ఇక్కడా పడిపోతుంది. 2003 నుంచి అణుబాంబు వేసే ఆర్డర్ ఇచ్చేది ప్రధానమంత్రి కూర్చునే కౌన్సిలే, ముందు మనం వాడం అనే మాట కూడా ఉంది, మంచిదే. కానీ 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ మిసైల్ ఒకటి పొరపాటున పోయి పాకిస్తాన్‌లో మియాన్ చన్నూ దగ్గర పడింది, మన ప్రభుత్వం ఒప్పుకుంది 11న. ఆ రెండు రోజులు అవతలోళ్ళు మిసైల్‌తో జవాబు ఇయ్యలేదు. అప్పుడు బార్డర్ చల్లగా ఉంది కాబట్టి సరిపోయింది, అదే 2025 మే నెలలో పడుంటే?

ప్రభుత్వం చెప్పిందల్లా నమ్మి పేపరోళ్ళు నోరు మూసుకోవాలని నేను అనట్లేదు. మిలటరీ ఆఫీసర్లు హాట్‌లైన్‌లో మాట్లాడుకుంటా ఉన్న రోజున "ఇంకా మౌనమేల" అని హెడ్డింగ్ పెట్టొద్దు, రాజీకి వచ్చిన రోజున "తలొగ్గాడు" అని రాయొద్దు, కన్ఫర్మ్ కానిది కన్ఫర్మ్ కాలేదని పైనే పెద్దక్షరాల్లో వేయండి, అంతే.

లెటర్ పెద్దదైంది, చోటు లేకపోతే టీ అంగడి ముక్క తీసేయండి, టర్కీ సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి