కాలర్ బోన్ విరిగిన ఏడాదిలో నాకు తోడున్నవారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మీరు పంపిన డబ్బుతో ఫిజియోథెరపీ డిగ్రీ మొదటి సంవత్సరం ఫీజు నిన్న మధ్యాహ్నం కట్టేశాను. రసీదు చేత పట్టుకుని కళాశాల మెట్ల మీద కూర్చున్నప్పుడు, ఈ కాగితం వెనుక ఉన్నవారందరికీ విడివిడిగా ఫోన్ చేయాలంటే వారం పడుతుందని తోచి, అందరూ చదువుకునేలా ఇక్కడే రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. ఎవరు ఏం చేశారో చెప్పకుండా ఒట్టి ధన్యవాదాలతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు.

నన్ను ఎరగనివారి కోసం రెండు మాటలు. మాది చంద్రగిరి. ఇంటర్‌లో బైపీసీ చదివాను, తిరుపతిలో రగ్బీ ఆడతాను. "అదేం ఆట?" అని అడిగేవారే ఇప్పటికీ ఎక్కువ. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకుని ఎదుటివారి గీత దాటేలా పరుగెత్తే ఆట. మేము ఆడేది సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు, సగానికి ఏడు నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. 2016 రియో ఒలింపిక్స్‌లో చేరింది ఈ పొట్టి రూపమే. పద్నాలుగు నిమిషాలే కదా అని చూసేవారు అనుకుంటారు గానీ, మామూలు రగ్బీలో జట్టుకు పదిహేను మంది ఆడే మైదానాన్నే ఇక్కడ ఏడుగురు కాచుకోవాలి కాబట్టి, మొదటి సగం ముగిసేసరికే మోకాళ్ల మీద చేతులు ఆన్చి నిలబడే పరిస్థితి వస్తుంది.

నిరుడు ఒక పోటీలో, అది ఎక్కడన్నది ఇప్పుడు అనవసరం, ఎదుటి ఆటగాణ్ణి ట్యాకిల్ చేయబోయి, అంటే పట్టుకుని కింద పడేయబోయి, తలను పెట్టకూడని వైపు పెట్టాను. ఇద్దరం కలిసి పడ్డప్పుడు బరువంతా నా కుడి భుజం అంచు మీద పడింది. తప్పు నాదే. అయితే మైదానం పక్కన స్ట్రెచర్ లేదు, ప్రథమ చికిత్స తెలిసిన మనిషి లేడు, ఒకాయన పరుగున వచ్చి భుజం జారిందనుకుని నా చెయ్యి పట్టి గట్టిగా లాగాడు. ఆయన సాయం చేస్తున్నాననే అనుకున్నాడు, కోపం పెట్టుకోలేదు. కానీ ఆ లాగుడును మాత్రం నేను మరచిపోలేదు, ఈ చదువు వైపు నా మనసు తిరిగింది ఆ క్షణం నుంచే.

అక్కడి నుంచి ఆసుపత్రికి చేర్చిన ఆటో అన్నకు మొదటి నమస్కారం. తన తువ్వాలును నా మెడ చుట్టూ ముడివేసి, చెయ్యి అందులో కదలకుండా నిలిపి, గుంత వచ్చిన ప్రతిచోటా "పట్టుకో తమ్ముడా" అని ముందే చెబుతూ తీసుకెళ్లారు. డబ్బు తీసుకోలేదు. ఆ తువ్వాలు ఉతికి మడిచి మా ఇంట్లోనే ఉంది, ఎప్పుడు కలిసినా ఇచ్చేస్తాను.

ఇంట్లో ఇంకొక పోరాటం జరిగింది. మా వైపు ఎముక విరిగితే ముందుగా అందరి నోటా వచ్చే మాట పుత్తూరు కట్టు. అవ్వ పట్టుబట్టింది: "పుత్తూరికి పోదాం రా నాయనా, మూడు కట్లకు అతుక్కుంటాది." ఆమె చిన్నప్పుడు విరిగిన ముంజేయి అక్కడే అతుక్కుంది కాబట్టి ఆమె నమ్మకాన్ని నేను తీసిపారేయలేను. అయితే ఎక్స్‌రేలో విరిగింది కాలర్ బోన్ అని తేలింది, ముక్కలు పెద్దగా పక్కకు తొలగలేదని, చేతిని మెడకు వేలాడే స్లింగ్‌లో ఉంచితే చాలని డాక్టర్ చెప్పారు. అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఎడమ చేత్తో తినలేక అవస్థ పడుతుంటే చూసి, సంగటి ముద్దలు చేసి తానే నోట పెట్టింది.

ఆరు వారాల తర్వాత వ్యాయామానికి పంపిన ఫిజియోథెరపీ క్లినిక్‌లోనే నా దారి మారింది. పది రోజులు పోయాక డబ్బు సరిపోదని, మిగిలినవి ఇంట్లో చేసుకుంటానని మేడమ్‌తో చెప్పాను. ఆమె కాసేపు రిజిస్టరు తిరగేసి, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా మనిషి అవసరం ఉందని, పని నేర్చుకుంటే నెలకు నాలుగు వేలు ఇస్తానని, వ్యాయామం ఆ మధ్యలో చేసుకోవచ్చని అన్నారు. మూడు నెలలు చేశాను. జాలిపడి ఫీజు మాఫీ చేసి ఉంటే నేను మళ్లీ ఆ గడప ఎక్కేవాణ్ణి కాదేమో!

మొదట్లో నా పని పేర్లు రాయడం, హాట్ ప్యాక్‌లు వేడి చేయడం, బెడ్ షీట్లు మార్చడం. తర్వాత మైనపు తొట్టి అప్పగించారు. కరిగిన పారాఫిన్ మైనంలో వేళ్లు బిగుసుకున్న చేతిని ముంచి తీసి, పొర ఆరాక మళ్లీ ముంచి, అలా ఆరేడు పొరలు పట్టాక ప్లాస్టిక్ కవరు తొడిగి తువ్వాలుతో చుట్టాలి. తెల్లని చేతి తొడుగులా గట్టిపడ్డ ఆ మైనాన్ని చివర ఒలిచేటప్పుడు పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లల్లా చూస్తారు. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మే ఒకావిడ భుజం బిగుసుకుపోయి వచ్చారు, జడ వేసుకోవడానికి చెయ్యి లేవదు. గోనియోమీటర్‌తో కోణం ఎలా కొలవాలో మేడమ్ నాకు ఆవిడ చేతి మీదే నేర్పారు. మొదటి రోజు 70 డిగ్రీలు. వారాల తరబడి గోడ మీద వేళ్లు పాకిస్తూ, ఒక్కో గీత పైకి జరుపుతూ, 130 దాటిన రోజు ఆవిడ ఏమీ మాట్లాడకుండా బుట్టలోంచి రెండు మూరల మల్లెపూలు తీసి మేడమ్ బల్ల మీద పెట్టారు. నా భుజం కూడా ఆ గోడ మీదే, ఆవిడ పక్కనే పైకి లేచింది.

ఆ మధ్యలో మా వీధి బృందంతో వారం రోజులు తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్లాను. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో పని పడింది. బరువులు ఎత్తరాదన్న సంగతి చెప్పగానే బృందం పెద్దాయన గంగాళాల దగ్గరి నుంచి తప్పించి, అరిటాకులు పరిచే వరుసలోకి మార్చారు. కుర్రాడివి, నీకు తేలిక పనా అని ఎవరూ ఎగతాళి చేయలేదు, వారందరికీ కృతజ్ఞుణ్ణి. అలిపిరి మెట్లెక్కి వచ్చిన భక్తులు పంక్తిలో కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు ఏ కాలు మీద భారం వేస్తున్నారో చూడటం అప్పటికే నాకు అలవాటైపోయింది. క్లినిక్ జబ్బు అంటారు దాన్ని మేడమ్.

ఆదివారాలు ఉదయం చంద్రగిరిలో పిల్లలకు ట్యాగ్ రగ్బీ నేర్పుతున్నాను. ఇందులో ట్యాకిల్ ఉండదు. బంతి పట్టుకున్నవారి నడుముకు వేలాడే పట్టీని లాగేస్తే వాళ్లు ఆగి బంతిని తమవాళ్లకు ఇచ్చేయాలి. పట్టీలకు అవ్వ పాత చీర అంచులు చింపి ఇచ్చింది. పిల్లలు బంతిని "కోడిగుడ్డు" అంటారు. బంతిని చేత్తో ముందుకు ఇవ్వకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలని చెబితే, "వెనక్కి ఇస్తా పోతే ముందుకెప్పుడు పోతామన్నా?" అని ఒక పిల్ల అడిగింది. బంతి పట్టుకుని నువ్వే పరుగెత్తమన్నాను, గోల్ దాకా ఆగలేదు. మైదానం ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, పొద్దున్నే నీళ్ల క్యాను మోసుకొచ్చే తల్లిదండ్రులకు ధన్యవాదాలు.

ఇక ముందు సంగతి. భారత జట్టుకు ఆడతానని నేను చెప్పుకోను, నా వేగం ఎంతో నాకు తెలుసు. ఈ చదువు పూర్తి చేసి మైదానం అంచున నిలబడే ఫిజియో కావాలని ఉంది. 2025లో ముంబైలో తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగినప్పుడు, ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ కూడా ఉందని ఉత్సాహంగా ఫోన్‌లో చూశాను గానీ, నా కళ్లు సంచి తగిలించుకుని లోపలికి పరుగెత్తే వైద్య సిబ్బంది మీదే ఉన్నాయి. రగ్బీలో ఆట నడుస్తుండగానే వారు లోపలికి వెళ్లి చూడవచ్చు. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిందన్న అనుమానం వస్తే ఆటగాణ్ణి వెంటనే బయటకు తీసుకురావాలి, మా స్థాయి ఆటల్లో అతణ్ణి ఆ రోజు మళ్లీ దింపకూడదు. అంతర్జాతీయ రగ్బీ సంస్థ వరల్డ్ రగ్బీ ఉచితంగా పెట్టిన ఆన్‌లైన్ పాఠం చదివి ఈ విషయం తెలుసుకున్నాను, తిరుపతిలో మాతో ఆడేవారందరికీ చెప్పడం మొదలుపెట్టాను. చదువు సాగుతుండగానే కోచింగ్ మొదటి స్థాయి శిక్షణ కూడా పూర్తి చేయాలని ఉంది.

డబ్బు లెక్క చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. మీరంతా కలిసి పంపినది 41,616 రూపాయలు. అందులో 36,000 ఫీజుకు, 3,200 పుస్తకాలకు పోయింది. మిగిలిన 2,416తో పిల్లలకు చిన్న సైజు బంతులు కొంటాను. రసీదుల ఫొటోలు అడిగినవారికి పంపుతాను. పంపినవారిలో ఒకరు 1,116 వేసి పేరు రాయలేదు. ఎవరో నాకు చెప్పకపోయినా ఫరవాలేదు గానీ, ఒక ఆదివారం ఆరింటికి చంద్రగిరి మైదానానికి రండి, ఆ బంతులు చూపిస్తాను.