అది నిధి కాదండీ, బ్యాలాస్ట్

సంపాదకుడు గారికి,

కిందటి ఆదివారం కాక ఆ ముందు ఆదివారం మీ అనుబంధంలో సావో జోస్ ఓడ గురించి 'సముద్రం అడుగున ఇనుప నిధి' అని వేశారు. మర్చిపోదామనుకున్నా గానీ, ఓడరేవులో ముప్పై ఏళ్ళు సరుకు లెక్కలు చూసినవాణ్ణి, నా వల్ల కాలేదు.

అది నిధి కాదండీ. ఓడలో బరువు చాలకపోతే నీళ్ళలో నిలకడగా ఉండదు, అందుకే అడుగున బరువు వేస్తారు, అదే బ్యాలాస్ట్, ఇప్పుడైతే నీళ్ళు నింపుతారు. ఆ పోర్చుగీసు ఓడ 1794 ఏప్రిల్‌లో లిస్బన్‌లో బయల్దేరినప్పుడే 1,400కు పైగా ఇనుప కడ్డీలు ఎక్కించుకుంది. ఎందుకంటే మొజాంబిక్‌లో ఎక్కించబోయేది బానిసల్ని. మనుషులు మామూలు సరుకంత బరువుండరు, పైగా కదులుతారు. అంటే ఇంకా ఒక్కరినీ ఎక్కించకముందే ఆ తేడాకి సరిపడా ఇనుము సిద్ధం చేసుకున్నారన్నమాట! ఈ ముక్క మీ వార్తలో ఎక్కడా లేదు. డిసెంబరు 27న కేప్‌టౌన్ దగ్గర ఓడ బద్దలై, బ్రెజిల్ చేరాల్సిన 400 పైచిలుకు మందిలో సగం దాకా పోయారనీ, ఒడ్డుకు చేరినవాళ్ళని అక్కడే మళ్ళీ అమ్మేశారనీ కూడా లేదు. 1980ల్లో నిధుల వేటగాళ్ళు దాన్ని చూసి ఏదో డచ్చి ఓడ అనుకున్నారంటే సరే, వాళ్ళ పనే అది. పత్రికకేమైంది?

2018లో వాషింగ్టన్ మ్యూజియంలో ఆ ఓడలోని ఇనుప కడ్డీల్ని చూశాను. ఇదేంటి తాతయ్యా అని మనవరాలు అడిగితే, మనుషులకి సరితూగాలని తక్కెడలో వేసినట్టు వేసిన పడికట్టు రాయమ్మా అన్నాను. ఆ పిల్లకి పడికట్టు రాయంటే ఏంటో చెప్పడానికి ఇంకో పావుగంట పట్టింది.

అక్కడిదాకా ఎందుకు, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది, ఆ పేరుకి అర్థం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఎంతమందికి తెలుసు? నిజాం కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల గుర్రపు దళం అది. ఏసీ అంటే చల్లటి మిషను అనుకునేవాళ్ళని నేనే చూశాను. ఇలాంటి చరిత్ర చెప్పడానికి చోటుండదు గానీ, వీధి మలుపులో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకి మాత్రం చోటు దొరుకుతుంది. మా జిల్లా మ్యూజియం సంగతి ఇక చెప్పక్కర్లేదు, ప్రతి దాని కిందా 'రాతి విగ్రహం' అని రాసుంటుంది, రాయి అని మాకు కనబడదు కాబోలు!

మొదటి పేజీలో వెయ్యమనడం లేదు, లోపల ఏదో మూల రెండు లైన్ల సవరణ చాలు. అన్నట్టు మీరు బ్యాలాస్ట్ బదులు 'బ్లాస్ట్ కడ్డీలు' అని అచ్చేశారు. ఆ ఓడలో ఏదీ పేలలేదు.

- ఒక పాత పాఠకుడు, విశాఖపట్నం