పాత పుస్తకాల పని గురించి చిన్నీకి

చి. చిన్నీకి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన పట్టిక చూశాను. గురజాడ, శ్రీపాద, చలం. ముగ్గురి పుస్తకాలూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి ముగ్గురివీ ఈబుక్కులు చేసి అమ్మేద్దామని రాశావు. ఉచితంగా దొరకడం వేరు, హక్కులు తీరిపోవడం వేరమ్మా. అక్కడున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కానుల్లో హక్కులున్న పుస్తకాలు కూడా బోలెడు కలిసిపోయి ఉన్నాయి. అందుకని ముందు లెక్క చూసుకుని తర్వాతే డౌన్‌లోడ్ చెయ్యి.

మన చట్టం లెక్క సులువే. రచయిత పోయిన ఏడాది వదిలేసి, మరుసటి ఏడు జనవరి 1 నుంచి 60 ఏళ్లు. (1992 ముందు ఇది 50 ఏళ్లే.) గురజాడ 1915లో పోయారు, బెంగ లేదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు కాబట్టి 2021 డిసెంబరు 31తో గడువు తీరింది. 2022 నుంచి మన దేశంలో ఎవరైనా వేసుకోవచ్చు. చలం పోయింది 1979లో. 2040 జనవరి 1 దాకా ఆయన జోలికి వెళ్లకు, పట్టికలోంచి కొట్టెయ్. జాషువా (1971) కావాలంటే 2032 దాకా ఆగాలి.

జంటగా రాసినవాటికి చివర పోయినవారి నుంచి లెక్క. తిరుపతి వెంకట కవుల్లో తిరుపతి శాస్త్రి 1920లోనే పోయినా, చెళ్లపిళ్ల 1950 దాకా ఉన్నారు. అందుకని వాళ్లిద్దరూ కలిసి రాసినవి 2011లో గానీ విడుదల కాలేదు. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన డైరీలు, ఉత్తరాల్లాంటివైతే అచ్చయిన ఏడాది నుంచి 60 లెక్కపెట్టాలి.

నువ్వు అసలు తలుచుకోనిది అమెరికా సంగతి. నీ కొనుగోలుదారుల్లో సగం మంది అక్కడి మనవాళ్లే అవుతారు కదా. అమెరికావాళ్లు రచయిత పోయిన ఏడు చూడరు, పాత పుస్తకాలకు అచ్చయిన ఏడు నుంచి 95 ఏళ్లు లెక్కేస్తారు. 1996 జనవరి 1 నాటికి మన దేశంలో హక్కులు బతికున్న పుస్తకాలన్నిటికీ ఆ 95 వర్తిస్తుంది. శ్రీపాద హక్కులు అప్పటికి బతికే ఉన్నాయి. అంటే ఆయన కథ 1940లో అచ్చయిందనుకో, ఇక్కడ ఎవరైనా వేసుకోవచ్చు, అమెరికాలో 2035 చివరిదాకా కుదరదు. 2026లో చూస్తే అక్కడ హక్కులు తీరినవి 1930 చివరిదాకా అచ్చయినవే. కాబట్టి ఈబుక్కు పెట్టేటప్పుడు ‘ప్రపంచమంతా’ అన్న గడి నొక్కెయ్యకు. శ్రీపాదవైతే దేశాల జాబితాలో ఇండియా ఒక్కటే టిక్కు పెట్టు. అమెరికాకు పంపాలంటే గురజాడ, వీరేశలింగం (1919), భండారు అచ్చమాంబ (1905) లాంటివాళ్లు తమ జీవితకాలంలో అచ్చు వేసినవి తీసుకో. ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది, రెండు దేశాల్లోనూ దానికి ఏ చిక్కూ లేదు.

ఇంకో మెలిక ఉంది. ఒక పుస్తకం మీద హక్కుదారు ఒక్కడే ఉండడు. వేమన పద్యం ఎవరిదీ కాదు, దాని కింద 1985లో ఎవరో రాసిన తాత్పర్యం వాళ్లదే. పీఠిక, బొమ్మలు, అనువాదం, ముఖచిత్రం, ప్రతిదానికీ విడిగా లెక్క కట్టాలి. అన్నమయ్య కీర్తనలతో వీడియోలు చెయ్యాలన్నావు కదా, అక్కడ ఇంకా జాగ్రత్త. సాహిత్యం రాగిరేకుల్లో దొరికింది గానీ బాణీలు దొరకలేదు. మనం వింటున్నవాటిలో చాలా భాగం 20వ శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ పోయింది 1979లో, ఆయన కట్టిన బాణీకి ఇంకా హక్కుంది. పాడిన రికార్డుకు వేరే హక్కు. యూట్యూబులో పెట్టగానే క్లెయిము పడేది ఇక్కడే. కీర్తన చదివి అర్థం చెప్పుకో, లేదా బాణీ నువ్వే కట్టుకో. ముఖచిత్రానికి బాపు, వపా (వడ్డాది పాపయ్య) బొమ్మలు వాడకు. రవివర్మ (1906), మన రాజమండ్రి దామెర్ల రామారావు (1925) బొమ్మల మీద హక్కులు తీరిపోయాయి. అయినా ఎవరో తీసిన ఫోటో ఎత్తుకొచ్చి వాడేముందు అది ఎక్కడిదో చూసుకో.

ఇక అసలు పని. స్కాను 300 డీపీఐకి తగ్గకుండా ఉండాలి. రెండు పేజీలు ఒకే బొమ్మలో ఉంటే ముందే విడగొట్టు, లేకపోతే రెండు పేజీల వరసలూ కలిసిపోతాయి. బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చడానికి (దీన్నే ఓసీఆర్ అంటారు) టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్‌లో తెలుగు మోడల్ పెట్టు, లేదా బొమ్మను గూగుల్ డ్రైవులో పెట్టి డాక్స్‌తో తెరువు. రెండిట్లో ఏది వాడినా పాత అచ్చు దగ్గర తడబడతాయి. ఎక్కడ తడబడతాయో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

అన్నిటికన్నా విసిగించేది వలపలగిలక, అంటే హల్లు పక్కన గిలకలా వేసే రకారం. పాత అచ్చులో ‘ధర్మము’ అని ఉండదు, ‘ధమ౯ము’ అని ఉంటుంది. ‘కీర్తి’ బదులు ‘కీతి౯’. ఆ గిలకను యంత్రం తెలుగు తొమ్మిది అంకె అనుకుంటుంది. నువ్వు వెతికి మార్చేటప్పుడు ౯ ని ‘ర్’ చేసేస్తే ‘ధమర్ము’ అవుతుంది. రకారం వెనక్కి జరగాలి. హల్లు, దానికి గుణింతపు గుర్తు ఉంటే అది, ఆ తర్వాత ౯: ఈ మూడింటినీ పట్టుకుని, ‘ర్’ ను ముందు పెట్టి హల్లునూ గుర్తునూ దాని వెనక పెట్టే వెతుకులాట సూత్రం, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసుకో. ౯ ముందు హల్లు ఉంటేనే మార్చమని చెప్పు. అప్పుడు ౧౯౧౦ లాంటి సంవత్సరాలు చెడవు. హల్లుకు ఇంకో ఒత్తు కూడా ఉంటే (‘మర్త్యుడు’ లాంటివి) యంత్రానికి వదలకు, కంటితోనే చూడు.

మిగతావి: మ, య తారుమారవుతాయి. ప, ష, వ కూడా. థ మధ్య చుక్క మసకబారితే ధ అవుతుంది. సున్న కాస్తా ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమో అంకె సున్నో అయి కూర్చుంటుంది. కంటికి తేడా కనబడదు, వెతికితే దొరకదు. అందుకే ముందుగా తెలుగు కాని అక్షరాలన్నిటినీ వెతికి ఏరెయ్. పాత అచ్చులో వరస చివర మాట విరిగితే గీత పెట్టేవారు కాదు, ఆ ముక్కలు నువ్వే అతకాలి. పేజీ నెత్తిన ఉండే పుస్తకం పేరు, కింద అంకె ప్రతి పేజీకీ వచ్చి వాక్యం మధ్యలో దూరతాయి. ఇంకో సంగతి, చాలామంది మరిచిపోతారు: పాత పుస్తకాలకు చివరో మొదటో ‘తప్పొప్పుల పట్టిక’ ఉంటుంది. ప్రూఫుకు కూర్చోకముందే ఆ దిద్దుబాట్లు చేసెయ్.

పద్యాలైతే ప్రూఫు చూడటం నిజానికి వచనం కన్నా సుఖం, ఎందుకంటే ఛందస్సే తప్పు పట్టిస్తుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19. పందొమ్మిదే వస్తున్నాయంటే ఉత్పలమాలలో ఎక్కడో ఒకటి జారిపోయింది. నాలుగు పాదాల్లో రెండో అక్షరం ఒకటే హల్లు కాకపోతే ప్రాస చెడింది. కవి చెడగొట్టి ఉండడు, ఓసీఆరే చెడగొట్టింది.

అరసున్న, బండి ఱ ఉంచాలా తియ్యాలా అని అడిగావు. పద్యంలో ఉంచు. వచనంలో అరసున్న తీసెయ్, తీసినట్టు ముందుమాటలో ఒక్క వాక్యం రాయి. బండి ఱ వచనంలోనూ ఉండనీ. అంతకు మించి భాష దిద్దకు. పాత కథలకు తర్వాత వచ్చిన సంపుటాల్లో సంపాదకులు మాటలు మార్చి వేసినవి ఉంటాయి. మొదటి అచ్చు దొరికితే దానితోనే సరిచూడు. పేజీకి 12 నిమిషాలు వేసుకో. 200 పేజీల పుస్తకానికి 40 గంటలు. దీనికన్నా తొందరగా అయిపోయిందంటే నువ్వు చదవలేదని అర్థం.

డీటీపీ చేసేవాళ్లకు ఇస్తే వాళ్లు అను ఫాంటులో కొట్టి ఇస్తారు. అది యూనికోడ్ కాదు, ఫోనులో తెరిస్తే చెత్తలా కనబడుతుంది. యూనికోడ్‌లోనే కావాలని ముందే చెప్పు. ఫాంటుకు మండలి, సూరన్న, గిడుగు లాంటివి తీసుకో, స్వేచ్ఛా లైసెన్సువి కాబట్టి పుస్తకంలో పొదగొచ్చు. ఈబుక్కులు కట్టే ప్రోగ్రామ్ సిజిల్‌లో ఈపబ్ (ఈబుక్కు ఫైలు) కట్టేటప్పుడు వరసల మధ్య దూరం 1.5 కన్నా తగ్గించకు, ఒత్తులు కింది వరసకు తగులుతాయి. అధ్యాయానికొక ఫైలు, భాష కోడు ‘te’ తప్పనిసరి.

ఇంత చేసినా నువ్వు అమ్మేది ఏమిటి? మూలం విక్కీసోర్సులో ఉచితంగా ఉంది. కిండిల్‌వాళ్లు ఇదే అడుగుతారు. ఉచిత ప్రతి ఉన్న పాత పుస్తకాన్ని యథాతథంగా పెడితే తీసుకోరు. నువ్వు చేసిన అనువాదమైనా, నీ వ్యాఖ్యలైనా, కనీసం పది సొంత బొమ్మలైనా ఉండాలి, ఆ మాట పేరు పక్కన బ్రాకెట్లో రాయాలి. అరసున్నలు తీశాను, అచ్చుతప్పులు దిద్దాను అంటే చాలదు. పైగా 2016 డిసెంబరులో కిండిల్‌లో మన దేశపు భాషలు ఐదు మొదలుపెడితే (తమిళం, హిందీ, మరాఠీ, గుజరాతీ, మలయాళం) అందులో తెలుగు లేదు. అప్‌లోడు ముందు భాషల జాబితా ఓసారి చూసుకో. తెలుగు ఈబుక్కుకు గూగుల్ ప్లే బుక్స్, అచ్చు పుస్తకానికి పోతీ డాట్ కామ్ లాంటి అడిగినన్ని కాపీలే వేసే చోటు చూడు. కిండిల్‌కు ఇంగ్లీషు అనువాదం చెయ్యి. నీకు రెండు భాషలూ వచ్చు, అదే నీ పెట్టుబడి. ‘సానిది’ అన్న మాటకు ఆనాటి అర్థమేమిటో, రూపాయికి పదహారు అణాలన్న లెక్క 1957 దాకా ఎలా నడిచిందో అట్లాంటాలో పుట్టిన పిల్లకు తెలిసేలా రాసిన నాలుగు వాక్యాలకే ఎవరైనా డబ్బిస్తారు. అనువాదం ఏఐతో చేయిస్తే కిండిల్ ఫారంలో ఆ సంగతి చెప్పాలి, 2023 నుంచి అడుగుతున్నారు. దాచకు. ‘వాడికి చేతివాటం ఎక్కువ’ అన్న మాటను అది ఏం చేస్తుందో నువ్వే ఒకసారి చూడు.

డబ్బు లెక్క కూడా చెప్తా, ఆశలు పెంచుకోకు. పుస్తకంలో ఎక్కువ భాగం హక్కులు తీరినదే అయితే రాయల్టీ 35 శాతం. 2.99 డాలర్లు పెడితే నీకు 1.05 దాకా. అమెరికాలో అమ్మినదాని మీద వాళ్లు పన్ను పట్టుకుంటారు. ఖాతా తెరిచేటప్పుడు వచ్చే పన్ను ప్రశ్నల్లో నీ పాన్ నంబరు వేసి రెండు దేశాల పన్ను ఒప్పందం కింద అడిగితే 15 శాతం, అది వదిలేస్తే 30. పదిహేను పోగా కాపీకి 89 సెంట్లు. ఐఎస్‌బీఎన్ (పుస్తకపు గుర్తింపు సంఖ్య) కొనకు, రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. ఈబుక్కుకొకటి, అచ్చుకొకటి.

ప్రతి పుస్తకానికీ ఒక ఫోల్డరు పెట్టు. రచయిత పోయిన తేదీకి ఆధారం, మొదటి అచ్చు టైటిలు పేజీ, దాని వెనక పేజీ ఫోటోలు అందులో ఉండాలి. కిండిల్‌వాళ్లు ఆధారం అడిగినప్పుడు అప్పటికప్పుడు వెతుక్కుంటే దొరకవు. పదేపదే తప్పు సరుకు పెడితే ఖాతా మూసేస్తారు, మళ్లీ తెరవనివ్వరు.

ముందు నవల ఎత్తుకోకు. గురజాడ కథ ఒక్కటి తీసుకుని పై పనులన్నీ దాని మీదే చెయ్యి. మొదటి పది పేజీల ప్రూఫు, పక్కన స్కాను పెట్టి ప్రింటు తీసి పోస్టులో పంపు. ఫోనులో చూడలేను. వరసల మధ్య చోటు వదులు, ఎర్రసిరాకు జాగా కావాలి.

మీ నాన్న