చి. శ్రావణికి, రాజమండ్రి నుంచి అమ్మ

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి తగ్గింది. ఆవకాయ రాజు బావతో పంపిస్తున్నాను. పాత సీసా మూత వదులైందన్నావని ఈసారి కొత్త దాంట్లో పెట్టాను. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. మెసేజ్ పెడితే "బిజీ అమ్మా" అంటున్నావు. సరే, పని ఎక్కువైందేమో అనుకుంటున్నాను.

ఆషాఢం కదా, తాడితోట బట్టల షాపుల్లో కాలు పెట్టే సందు లేదు. పెళ్ళిళ్ళుండవు, బేరాలుండవు, అందుకే షాపులవాళ్ళు ఈ నెల తగ్గించి అమ్ముతారు. లలిత పెళ్ళికి పెట్టుబడి చీరలు ఇప్పుడే తీసేశాను. ప్రతి చీరా మడత విప్పి, చిరుగులున్నాయేమో, జాకెట్టు ముక్క ఉందో లేదో చూసే తీసుకున్నాను. ఆఫర్ చీరల్లో ఆ ముక్క ఉండకపోవడం మామూలే.

అక్కడే పద్మ పిన్ని కనిపించింది. నువ్వు ఈఎంఐలో కొత్త ఫోన్ కొన్నావట, క్రెడిట్ కార్డు బిల్లు మొత్తం కట్టకుండా వాళ్ళడిగే కనీస మొత్తం, అదే మినిమం డ్యూ, మాత్రమే కడుతున్నావట. కిరణ్ చెప్పాడంది. నేనేం అడగడం లేదులే.

సబ్బులూ పప్పులూ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకి ఎంతో సన్నటి అక్షరాల్లో ఉంటుంది, అది చూడు. పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చవక కాదు. డెలివరీ ఉచితమని అక్కర్లేనివి బుట్టలో వెయ్యకు. "ఇంకా రెండే ఉన్నాయి" అంటే కంగారు పడకు.

లలిత నెక్లెస్ సంగతి నీకు చెప్పలేదు కదూ. "తరుగు సగమే" అని పెద్ద బోర్డు పెట్టిన షాపుకి మామ్మని తీసుకెళ్ళాం. కుర్రాడు నెక్లెస్ కాటాలో పెట్టి బరువు చెప్పాడు. మామ్మ స్టూల్ మీద కూర్చుని, "ఇందులో రాళ్ళ బరువెంత బాబూ?" అంది. అంతా కలిపే అన్నాడు. "రాళ్ళకి బంగారం రేటు కట్టమంటావా?" అంది. లోపలికెళ్ళి రాళ్ళ బరువు తీసేసి వేరే చీటీ రాసుకొచ్చాడు. మామ్మ వదల్లేదు. "తరుగు సగమంటే ఎంతలో సగం?" అంది. ఇరవై రెండు శాతంలో సగం, పదకొండు అన్నాడు. పక్క వీధి షాపులో ఏ ఆఫరూ లేకుండా పది అన్నారు. లేచి అక్కడికే వెళ్ళాం. అక్కడ కూడా ఊరికే తీసుకోలేదు. హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే ఇచ్చిన గుర్తింపు నంబరు, ఉంటుంది కదా, దాన్ని హాల్‌మార్క్ ఇచ్చే బీఐఎస్ వాళ్ళ కేర్ యాప్‌లో నాచేత చూపించుకుని, బిల్లులో బంగారం, రాళ్ళు, మజూరీ విడివిడిగా రాయించాకే డబ్బు తీసింది.

నీ ఫోన్‌కీ అలాగే విడివిడిగా లెక్క అడగాలి చిట్టీ. నో కాస్ట్ ఈఎంఐ, వాయిదాలకి వడ్డీ లేదు అంటారు, కానీ ప్రాసెసింగ్ ఫీజు వేస్తారు, లోపల లెక్కగట్టిన వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి, ఒక్కోసారి మొత్తం ఒకేసారి కడితే వచ్చే తగ్గింపూ పోతుంది. బ్యాంకులో ఉన్న రమణ మావయ్యని అడిగి తెలుసుకున్నాను, నీ పేరు చెప్పలేదు. మినిమం కట్టి ఊరుకుంటే చాలా కార్డులకి నూటికి మూడున్నర రూపాయల వడ్డీ పడుతుందట. నలభై వేల బాకీకి నెలకి 1,400, దాని మీద మళ్ళీ జీఎస్టీ. పైగా ఆ తర్వాత కార్డు గీకి పాల ప్యాకెట్ కొన్నా, ఆ రోజు నుంచే వడ్డీ అట. ఫోన్ మీద నాలుగు వేలు తగ్గిందనుకో, మూడు నెలలు తిరక్కుండా అది కాస్తా అటే పోతుంది. మన వీధిలో రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినప్పుడే మీ తాతయ్యకి నిద్ర పట్టేది కాదు.

కోప్పడుతున్నాననుకోకు. వచ్చే నెల నా చీటీ డబ్బులొస్తాయి. ఫ్రిజ్ మారుద్దామనుకున్నాను గానీ పాతది బాగానే నడుస్తోంది. బాకీ ఎంతో చెప్పు, ఒకేసారి కట్టేద్దాం. నాన్నకి నేను చెప్పను. ఈలోగా ఆ కార్డు వాడకు.

రాత్రిళ్ళు ఆర్డర్లు పెట్టుకోకుండా కాస్త అన్నం వండుకో, కందిపొడి కూడా పంపుతున్నాను. రాజు బావ శుక్రవారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నాడు, శనివారం పొద్దున్నే వాడికి ఫోన్ చెయ్యి. కార్డు స్టేట్‌మెంట్ మొదటి పేజీ ఫోటో తీసి నాకు పెట్టు, ఈ రాత్రికే.

అమ్మ